చౌరస్తా: ఊరి దారిని పాటగా కట్టిన బృందం

షోలాపూర్ నగరంలోని కుంఠా నాకా అనగానే సరిహద్దు జిల్లాల వారికి తెలుగు నేతపనివారి వాడలు గుర్తుకు వస్తాయి. మన పల్లెల్లో ఆ నగరంతో ఏదో ఒక చుట్టరికం లేని నేత కుటుంబం అరుదు. ఒక ఇంటి ఆడపడుచును అక్కడకు ఇచ్చి ఉంటారు. మరొక ఇంటి మేనమామ అక్కడి కారఖానాలో సాంచెల మీద జీవితమంతా గడిపి ఉంటాడు. 'ఈ పని చాలించి ఊరికి పోదాం' అన్న మాట ఆ ఇళ్లలో తాత అన్నాడు, తండ్రి అన్నాడు, ఇప్పుడు కొడుకు కూడా అంటున్నాడు. మాటగానే మిగిలిన ఆ కోరికను పాటగా చేసి తెలుగువారందరికీ వినిపించినది హైదరాబాదుకు చెందిన 'చౌరస్తా' అనే స్వతంత్ర సంగీత బృందం. ఆ బృందం ప్రస్థానాన్ని, దాని నుండి మన పిల్లలు గ్రహించదగిన విషయాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

బ్యాండు అనగా ఏమి?

మన ప్రాంతంలో 'బ్యాండు' అంటే పెళ్లి ఊరేగింపులో వాయించే మేళమే. ఇక్కడ చెప్పుకొంటున్నది వేరు. తమ పాటను తామే రాసుకొని, తామే బాణీ కట్టి, తామే వాయిద్యాలు వాయిస్తూ పాడే కొద్దిమంది జట్టును సంగీత ప్రపంచంలో బ్యాండు అంటారు. పెద్ద సంగీత కంపెనీల పెట్టుబడి గానీ, సినిమా నిర్మాతల అండ గానీ లేకుండా సొంత పూనికతో పాటలు విడుదల చేసే బృందాలను 'ఇండీ బ్యాండు' అని వ్యవహరిస్తారు. 'స్వతంత్ర బృందం' అన్నది దానికి తగిన తెలుగు మాట.

భారతదేశంలో ఇటువంటి బృందాలు కొత్త కావు. ఢిల్లీలో 1990లో 'ఇండియన్ ఓషన్' ఏర్పడింది. కేరళలో 'అవియల్', 'థైక్కుడం బ్రిడ్జ్' మలయాళంలో పాడి దేశమంతటా పేరు పొందాయి. చెన్నైలో దర్శకుడు పా. రంజిత్ ప్రోత్సాహంతో ఏర్పడిన 'కాస్ట్‌లెస్ కలెక్టివ్' 2018 జనవరిలో తొలి ప్రదర్శన ఇచ్చింది. తెలుగులో మాత్రం ఈ ప్రయత్నం ఆలస్యంగా బలపడింది. ఇక్కడ పాట అంటే సినిమా పాటే అన్న భావన పాతుకొని పోవడం దానికి ముఖ్య కారణం.

చౌరస్తాకు ముందు

సినిమాకు వెలుపల తెలుగు పాట లేకపోలేదు. అది ఎక్కువగా ఉద్యమాల వెంట, జాతరల వెంట నడిచింది. 1970ల దశకంలో ఆవిర్భవించిన జననాట్యమండలి ద్వారా గద్దర్, వంగపండు ప్రసాదరావు వంటివారు డప్పు, గజ్జె, గొంగడిలతో పల్లెపల్లెకూ పాటను చేర్చారు. గోరటి వెంకన్న రాసిన 'పల్లె కన్నీరు పెడుతుందో' పాట 2002లో వచ్చిన 'కుబుసం' చిత్రం ద్వారా మరింత ప్రచారం పొందినప్పటికీ, దాని పుట్టుక సినిమాది కాదు. చేతివృత్తులు కూలిపోయిన పల్లెను చూసి పుట్టిన పాట అది. పాలమూరు గడ్డకు చెందిన వెంకన్న తన 'వల్లంకి తాళం' కవితా సంపుటికి 2021 సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నారు. 2002 నుండి తెలంగాణ ఉద్యమంలో సాగిన 'ధూంధాం' సభలు వందలాది గాయకులను తయారు చేశాయి.

మరోవైపు నగరాలలో పాప్ ఆల్బమ్‌లు వచ్చాయి. 2000 ప్రాంతంలో గాయని స్మిత విడుదల చేసిన 'హాయ్ రబ్బా' అందుకు ఉదాహరణ. అయితే ఉద్యమ గీతానికీ, నగరపు పాప్‌కూ నడుమ పెద్ద ఖాళీ ఉండిపోయింది. పల్లె మాటను, నగర యువకుని గిటారును ఒకచోట కూర్చే ప్రయత్నం కరువైంది. చౌరస్తా నిలబడిన చోటు సరిగ్గా అదే.

పేరు, ఆవిర్భావం

నాలుగు దారులు కలిసే కూడలిని తెలంగాణలో చౌరస్తా అంటారు. షోలాపూర్ తెలుగువారు మరాఠీ పలుకుబడిని అనుసరించి దానినే 'చౌక్' అంటారు. టీ కొట్టు, బస్సు స్టాపు, కూలికి ఎదురుచూసే అడ్డా అన్నీ చౌరస్తాలోనే ఉంటాయి. ఎవరూ ఎవరినీ 'నీవెవరు' అని అడగని బహిరంగ స్థలం అది. బృందం పేరే దాని స్వభావాన్ని చెప్పకనే చెబుతుంది.

2010ల దశకపు రెండవ భాగంలో హైదరాబాదులో ఈ బృందం రూపుదిద్దుకున్నది. యశ్వంత్ నాగ్, రామ్ మిరియాల ఇందులో ప్రధానంగా వినిపించిన పేర్లు. వారితో పాటు బాల మొదలైన గాయకులు, వాయిద్యకారులు కలిసి పనిచేశారు. 'మాయ' వంటి తొలి గీతాలతోనే ఈ బృందం తనదైన ధోరణిని చూపింది. తేలికైన వాడుక మాటలు, తత్త్వగీతాల ఛాయ, వెనుక గిటారు, తాళవాద్యాల మెత్తని ఊపు ఆ ధోరణికి ఆధారాలు.

రెగె లయ మన పాటలో ఎలా ఇమిడింది?

చౌరస్తా పాటలలో విశేషంగా చెప్పుకోదగినది 'రెగె' అనే సంగీత రీతి. ఇది కరీబియన్ సముద్రంలోని జమైకా ద్వీపంలో 1960ల దశకం చివర పుట్టింది. బానిసలుగా ఆఫ్రికా నుండి తరలించబడిన వారి సంతతి ఆ ద్వీపవాసులలో అత్యధికులు. దారిద్ర్యం, అణచివేత, తమ మూలభూమికి తిరిగి వెళ్లాలన్న తపన ఆ పాటలలో వస్తువులు. బాబ్ మార్లీ (1945-1981) ద్వారా ఆ సంగీతం ప్రపంచమంతటా వ్యాపించింది. 2018లో యునెస్కో సంస్థ జమైకా రెగె సంగీతాన్ని మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

రెగెలోని కీలకం దాని దెబ్బ పడే చోటు. సాధారణంగా పాటలో ఒకటి, మూడు లెక్కల మీద బలం పడుతుంది. రెగెలో గిటారు ఆ లెక్కలను వదలి, వాటి నడుమ ఉన్న ఎడుపు మీద పొట్టిగా మీటుతుంది. అందువలన పాట తొందరలేకుండా, ఊగుతూ నడుస్తున్నట్లు తోస్తుంది. మన భజన పాటలలో, తత్త్వాలలో తాళం చిడతల ఎడుపు మీద పడే పద్ధతి విన్నవారికి ఈ ఊపు పరాయిదిగా అనిపించదు. చౌరస్తా చేసిన పని విదేశీ సంగీతాన్ని దిగుమతి చేసుకోవడం మాత్రమే కాదు. తన భూమిని విడిచి వచ్చినవాని దుఃఖాన్ని మోసే లయను తీసుకొని, మన వలస జీవి మాటకు జతపరచడం. రెండింటి వస్తువు ఒకటే కావడం వలన అతుకు కనిపించలేదు.

ఊరెళ్లిపోతా మామ

బృందానికి ఇంటింటా గుర్తింపు తెచ్చినది 'ఊరెళ్లిపోతా మామ' గీతం. ఆనంద్ గుర్రం రచనకు రామ్ మిరియాల స్వరకల్పన చేశారు. నగరంలో నలిగిన ఒక యువకుడు, తిరిగి తన పల్లెకు పోతానని మామతో చెప్పుకోవడం ఇందలి సారాంశం. విదేశీ దృశ్యాలు, తారల నాట్యాలు లేని ఈ పాట యూట్యూబు ద్వారా విశేష ప్రజాదరణ పొందింది. కళాశాల వార్షికోత్సవాలలోనూ, ఊరి పెళ్లిళ్లలోనూ వినిపించింది.

'మామ' అన్న సంబోధన ఎంపిక గమనించదగినది. మన ఇళ్లలో మామ అంటే తల్లి తోబుట్టువు, లేదా పిల్లనిచ్చినవాడు. స్నేహితుణ్ని కూడా చనువుగా మామా అనే పిలుస్తాం. తండ్రితో చెప్పుకోలేని ఓటమిని మామతో చెప్పుకోగలం. ఆ ఒక్క పిలుపుతో పాట ఉపన్యాసం కాకుండా, ఇద్దరి మధ్య మాటగా మిగిలింది.

కుంఠా నాకాలో ఆ పాట అర్థం

షోలాపూర్‌కు తెలుగువారి వలస చరిత్ర పాతది. నిజాం రాజ్యంలోని తెలంగాణ జిల్లాల నుండి, ముఖ్యంగా పద్మశాలి కుటుంబాలు, పందొమ్మిదవ శతాబ్దం నుండే అక్కడకు తరలాయి. 1870ల దశకంలో అక్కడ తొలి నూలు, బట్టల మిల్లు వెలిసింది. చేతిమగ్గం క్రమంగా మరమగ్గానికి దారి ఇచ్చింది. షోలాపూర్ చద్దరుకు భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ చద్దరు వెనుక తెలుగు చేతుల శ్రమ ఎంతో ఉన్నది. మగవారు సాంచెల మీద, ఆడవారు బీడీలు చుట్టడంలో కుటుంబాలను పోషించుకున్నారు. నరసయ్య ఆడం వంటి కార్మిక నాయకుల కృషి ఫలితంగా కుంభారీ వద్ద బీడీ కార్మిక స్త్రీల కోసం గోదుతాయి పరులేకర్ పేరిట ఇళ్లు నిర్మించబడ్డాయి. 2024 జనవరిలో అదే కుంభారీ వద్ద 'రే నగర్' ఇళ్లను ప్రధానమంత్రి లబ్ధిదారులకు అందజేశారు.

నారళీ పౌర్ణమి నాడు మార్కండేయ మహర్షి రథోత్సవం, ఆశ్వయుజంలో బతుకమ్మ అక్కడి తెలుగువారిని ఒకచోట చేర్చే సందర్భాలు. అయినను భాష విషయంలో ఒక చిక్కు ఉన్నది. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, వీధిలో హిందీ కలిసిన వాతావరణంలో పిల్లలు పెరుగుతారు. తెలుగు మాట్లాడగలిగినప్పటికీ చదవలేని తరం వచ్చింది. అట్టివారికి పుస్తకం చేరవేయలేని తెలుగును పాట చేరవేయగలదు. అక్షరం రానివానికి సైతం పాట వస్తుంది.

అయితే ఒక ప్రశ్న వేసుకొనక తప్పదు. పాటలోని యువకునికి తిరిగి వెళ్లడానికి ఒక ఊరు ఉన్నది. మూడు తరాల క్రితం వచ్చినవారికి ఏ ఊరు ఉన్నది? పూర్వపు ఇల్లు కూలిపోయి, పొలం చేతులు మారి, పలకరించే పెద్దలు గతించిన చోట 'ఊరు' ఒక పేరుగా మాత్రమే మిగులుతుంది. కుంఠా నాకాలో పుట్టినవానికి కుంఠా నాకాయే ఊరు. ఈ పాటను అతడు వినే తీరు వేరు. తాను తిరిగి పోవడానికి గాక, తాత ఎందుకు పోలేకపోయాడో తెలుసుకోవడానికి దానిని వింటాడు. సరిహద్దుకు ఇవతల ఉన్న మనం పండుగకు వచ్చిన ఆ పిల్లలను 'షోలాపూరోళ్లు' అని వేరుచేసి పిలిచేటప్పుడు ఈ సంగతి తలచుకోవడం మంచిది.

2020: చేతులెత్తి మొక్కిన పాట

2020 మార్చిలో కరోనా వ్యాధి వ్యాపిస్తున్న వేళ బృందం 'చేతులెత్తి మొక్కుతా' అనే గీతాన్ని విడుదల చేసింది. కరచాలనం మాని నమస్కారం చేయుమని, దూరం పాటించుమని, ధైర్యం వీడవద్దని చెప్పే ఈ పాట కొద్ది రోజులలోనే ఫోను నుండి ఫోనుకు పాకింది. ప్రభుత్వ ప్రకటన చెప్పవలసిన విషయాన్ని ఒక బ్యాండు పామరునికి అర్థమయ్యే మాటలలో, భయపెట్టకుండా చెప్పగలిగింది. చౌరస్తా పేరు తెలియని వారికి కూడా ఆ పాట తెలుసు.

మార్చి 25 నుండి దేశమంతటా లాక్‌డౌన్ అమలయింది. పని నిలిచిపోయిన లక్షలాది వలస కూలీలు కాలినడకన సొంత ఊళ్లకు బయలుదేరారు. మే 1న తొలి శ్రామిక ప్రత్యేక రైలు మన తెలంగాణలోని లింగంపల్లి నుండి ఝార్ఖండ్‌లోని హటియాకు కదిలింది. ఊరికి పోవడం అన్నది అంతకు ముందు వరకు పాటలో తీయని కోరిక. ఆ వేసవిలో అది ప్రాణం నిలుపుకొనే దారి అయింది. పాటలో బస్సు దొరుకుతుంది; రోడ్డు మీద నడిచినవారికి దొరకలేదు. ఆ సంవత్సరం గడిచిన తరువాత 'ఊరెళ్లిపోతా మామ' విన్నవారికి అది మునుపటి పాటలా వినిపించలేదంటే అతిశయోక్తి కాదు.

విడిపోయిన దారులు

కీర్తి శిఖరాన ఉన్న సమయంలోనే, 2020లో, రామ్ మిరియాల బృందం నుండి వైదొలిగారు. అనంతరం ఆయన సినీరంగంలో వేగంగా ఎదిగారు. 2021 మార్చిలో విడుదలైన 'జాతిరత్నాలు' చిత్రంలో రథన్ సంగీతంలో ఆయన పాడిన 'చిట్టి' పాట ఘనవిజయం సాధించింది. 2022లో 'డీజే టిల్లు' శీర్షిక గీతానికి స్వరం కూర్చి తానే పాడారు. 2024లో 'టిల్లు స్క్వేర్' చిత్రంలోని 'టికెట్టే కొనకుండా' గీతం కూడా ఆయన బాణీయే.

వీటన్నింటి నడుమ మన పాఠకులు ప్రత్యేకంగా తెలుసుకోదగినది 2023లో వచ్చిన 'బలగం' చిత్రం. వేణు ఎల్దండి దర్శకత్వంలో, భీమ్స్ సిసిరోలియో సంగీతంలో వచ్చిన ఆ చిత్రంలోని 'ఊరు పల్లెటూరు' పాటను మంగ్లీతో కలిసి రామ్ మిరియాల పాడారు. ఆ పాట రాసిన కాసర్ల శ్యామ్‌కు 2025 ఆగస్టులో ప్రకటించిన 71వ జాతీయ చలనచిత్ర పురస్కారాలలో ఉత్తమ గేయ రచయిత పురస్కారం లభించింది. ఊరికి పోతానన్న పాటతో వెలుగులోకి వచ్చిన గొంతు, ఊరిని కీర్తించిన పాటతో జాతీయ గౌరవంలో భాగస్వామి కావడం విశేషం.

యశ్వంత్ నాగ్ తదితరులు చౌరస్తా పేరును అనంతరం కూడా నిలిపారు. ఒకరు వెళ్లినంత మాత్రాన బృందం ఆగిపోనక్కర లేదని దీనివలన తెలుస్తున్నది. అయినను తెలుగు స్వతంత్ర సంగీతపు ప్రధాన సమస్య ఇక్కడే బయటపడుతుంది. సినిమాకు వెలుపల పుట్టిన గొంతు బాగా వినిపించిన మరుక్షణమే సినిమా దానిని పిలుచుకొంటుంది. కళాకారుని తప్పు ఇందులో ఏమీ లేదు. నాలుగైదుగురు పంచుకొనవలసిన స్వల్ప ఆదాయంతో కుటుంబాన్ని నడపడం ఎవరికైనా కష్టమే.

రాబడి లెక్క

స్వతంత్ర బృందానికి ఆదాయం నాలుగు దారుల నుండి వస్తుంది: ప్రదర్శనలు, యూట్యూబు ప్రకటనలు, పాటల యాప్‌లు, రాయల్టీ. వీటిలో ప్రదర్శనలే ఆధారం. కళాశాలలు, కార్పొరేటు సభలు, హోటళ్లు పిలిస్తేనే రాబడి. 2020 వంటి సంవత్సరంలో ఆ దారి పూర్తిగా మూసుకొని పోయింది.

యూట్యూబులో ప్రకటనల వాటా పొందాలంటే ఛానెలుకు కనీసం 1,000 మంది చందాదారులు, గడచిన 12 నెలలలో 4,000 గంటల వీక్షణ, లేదా 90 రోజులలో పొట్టి వీడియోలకు కోటి వీక్షణలు ఉండాలి. ఈ మెట్టు ఎక్కిన తరువాత కూడా, లక్షల వీక్షణలు అంటే లక్షల రూపాయలు అని భావించరాదు. చూసేవారి ప్రాంతాన్ని, ప్రకటనల ధరను బట్టి రాబడి మారుతుంది.

మన పిల్లలు పాట కట్టదలచిన యెడల

కుంఠా నాకాలో గానీ, మన సరిహద్దు పల్లెల్లో గానీ నలుగురు యువకులు కలిసి పాటలు కట్టదలచినట్లయితే, చౌరస్తా వంటి బృందాల అనుభవం దృష్ట్యా ఈ క్రింది విషయాలు తెలుసుకొని ఉండడం శ్రేయస్కరం.

మొదటిది, హక్కులు. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం పాటలో మూడు వేర్వేరు హక్కులు ఉంటాయి. సాహిత్యం రాసినవానిది ఒకటి, బాణీ కట్టినవానిది ఒకటి, రికార్డు చేయించినవానిది మరొకటి. సాహిత్యం, బాణీలపై హక్కు కర్త జీవితకాలం, ఆపై 60 సంవత్సరాలు ఉంటుంది. రికార్డుపై హక్కు విడుదల నుండి 60 సంవత్సరాలు. రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. పాట రాసిన క్షణమే హక్కు పుడుతుంది. అయినను తేదీతో కూడిన రాతప్రతిని, తొలి రికార్డును భద్రపరచుకొనడం మేలు.

రెండవది, రాయల్టీ. 2012లో చేసిన సవరణ ప్రకారం, సినిమాకు పాట ఇచ్చినప్పటికీ, సినిమా హాలులో ప్రదర్శన మినహా ఇతర వినియోగాలపై రచయితకు, స్వరకర్తకు సమాన వాటా పొందే హక్కు ఉన్నది. దానిని వదులుకుంటున్నట్లు రాయించుకొన్నా చెల్లదు. ఆ రాయల్టీని వసూలు చేసి పంచే ఐపీఆర్ఎస్ అనే సంస్థ 1969 నుండి ఉన్నది. అందులో సభ్యత్వం పొందవచ్చును.

మూడవది, లిఖిత ఒప్పందం. బృందం పేరు ఎవరిది, యూట్యూబు ఛానెలు ఎవరి పేరున ఉండాలి, ఒకరు వెళ్లిపోతే పాత పాటల రాబడి ఎలా పంచుకోవాలి అన్నవి స్నేహం బాగున్న రోజుననే కాగితం మీద రాసుకోవాలి. తమిళంలో 2021లో లోకప్రసిద్ధి పొందిన 'ఎంజాయ్ ఎంజామి' పాట విషయంలో, తమకు ఆదాయమే అందలేదని దాని సంగీత దర్శకుడు సంతోష్ నారాయణన్ 2024లో బహిరంగంగా వెల్లడించారు. కోట్ల మంది విన్న పాటకే అటువంటి స్థితి ఏర్పడినప్పుడు కొత్తవారు మరింత జాగ్రత్త వహించాలి.

నాల్గవది, జానపద గీతాల వినియోగం. అవ్వలు పాడిన పాటకు చట్టరీత్యా యజమాని లేకపోవచ్చు. కానీ ఎవరి నోట విన్నామో, ఏ ఊరిలో విన్నామో చెప్పుకోవడం ధర్మం. 2021లో 'సారంగదరియా' పాట సినిమాలో వచ్చినప్పుడు, దానిని వెలికితెచ్చిన వారికి గుర్తింపు విషయమై తలెత్తిన వివాదం విదితమే. బీడీలు చుడుతూ, కండెలు చుడుతూ స్త్రీలు పాడుకొనే పాటలు షోలాపూర్ తెలుగు ఇళ్లలో ఇంకా ఎవరి జ్ఞాపకంలోనైనా మిగిలి ఉంటే, వాటిని ఫోనులోనైనా రికార్డు చేసి, పాడినవారి పేరు, ఊరు, తేదీ రాసి ఉంచాలి. పెద్దలు గతించిన తరువాత వాటిని తిరిగి తెచ్చుకోలేము.

ముగింపు

చౌరస్తా బృందం సాధించిన విజయాన్ని వీక్షణల లెక్కతో మాత్రమే కొలవరాదు. తెలుగు పాట వినడానికి సినిమా కథ, కథానాయకుడు అవసరం లేదని, పల్లె మాటతో నగరంలో నిలబడి పాడవచ్చునని అది నిరూపించింది. ఆ మార్గంలో నిలదొక్కుకోవడం ఎంత కష్టమో కూడా దాని చరిత్రే తెలుపుతున్నది.

కుంఠా నాకా ఇళ్లలో పెరుగుతున్న పిల్లల వద్ద తెలుగు, మరాఠీ, హిందీ, దక్కనీ కలిసిన ఒక నుడికారం ఉన్నది. మగ్గం చప్పుడు విని పెరిగిన చెవి ఉన్నది. పోవాలనుకొని పోలేకపోయిన మూడు తరాల కథ ఉన్నది. ఊరికి పోతానన్న పాటను హైదరాబాదు చౌరస్తా పాడింది. ఇక్కడే ఉండిపోయినవారి పాటను మాత్రం అక్కడి చౌకులలో పుట్టినవారే పాడవలసి ఉన్నది. అది వచ్చిననాడు మన సరిహద్దు పల్లెలు దానిని తమ పాటగానే వింటాయనడంలో సందేహం లేదు.